ఉద్దితో కోలాటం: జంటగా నేర్చుకున్న క్రమంలో నా అనుభవం

కోలాటంలో ఒంటరిగా నేర్చుకోగలిగింది తక్కువ. అడుగులు అద్దం ముందు వేసుకోవచ్చు, పాట కంఠతా పట్టొచ్చు, కోలలు తిప్పడం గోడకెదురుగా నిలబడి సాధన చెయ్యొచ్చు. అన్నీ వచ్చాయనుకుని ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తాం. ఎందుకంటే ఇక్కడ దెబ్బ ఒకరు వేసేది కాదు. ఇద్దరి కోలలూ చెరికొంత దూరం వచ్చి గాలిలో కలుసుకోవాలి. ఆ కలిసే చోటు పాటలో రాసి ఉండదు, గురువుగారు వేలుపెట్టి చూపించలేరు. ఇద్దరూ ఆడగా ఆడగా కుదురుతుంది. అది ఏ వరసలో కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో రాస్తున్నాను. కొత్తగా బృందం పెట్టుకుంటున్నవాళ్ళకి, ముఖ్యంగా జడకోలాటం (పైనుంచి వేలాడే పట్టీల్ని జడలా అల్లుతూ ఆడేది) దాకా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఉపయోగపడాలని నా కోరిక.

జంటలో ఎదుటి మనిషిని మేం ఉద్ది అంటాం, ఆట రకాల్ని కోపులంటాం. కోపుల పేర్లు ఊరూరికీ మారతాయి. అందుకని పేర్లు పక్కనపెట్టి లెక్కలే చెబుతాను.

ముందు కోలలు. చేవ ఉన్న కర్ర, బాగా ఆరింది కావాలి. పచ్చి కర్ర టక్కుమని మోగదు, దబ్బుమంటుంది. ఆ మోత లేకపోతే దెబ్బ సరిగ్గా ఎప్పుడు పడిందో చెవికి అందదు. పొడవు పెద్దవాళ్ళకి 13 నుంచి 15 అంగుళాలు, లావు బొటనవేలంత. జంటకి కావలసిన నాలుగు కోలలూ ఒకే కర్రలోంచి కోయించుకోవడం మంచిది. బరువులో తేడా ఉంటే బరువైన కోల తేలికదాన్ని నెట్టేస్తుంది. తేలిక కోల పట్టినవాళ్ళు నెట్టుడుకి తట్టుకోవడం కోసం ప్రతి దెబ్బకీ పిడికిలి బిగిస్తారు, గంట తిరిగేసరికి మణికట్టు పట్టేస్తుంది. కొనలు గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, ఆముదం పట్టించి రెండు రోజులు నీడన ఉంచాలి. మువ్వలు కట్టాలనిపిస్తే పట్టు ఉండే కొనకి కట్టండి. పై కొనకి కడితే అందం కనిపిస్తుంది గాని కోల ముందుకు తూగి దెబ్బ గురి తప్పుతుంది.

కింది కొన నుంచి రెండు వేళ్ళ వెడల్పు వదిలి పట్టుకోవాలి. అసలు పట్టు చూపుడువేలు, బొటనవేలుదే. మిగతా మూడు వేళ్ళూ ఆనుకుని ఉండి, దెబ్బ పడేటప్పుడు రవ్వంత బిగిసి వెంటనే వదులవ్వాలి. తగలాల్సిన చోటు 15 అంగుళాల కోలకైతే కింది కొన నుంచి సుమారు 10 అంగుళాల దగ్గర, అంటే మూడింట రెండు వంతుల ఎత్తున. ఒక కొన పట్టుకుని కొట్టే కర్రకి అదురు చేతికి రాని చోటు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంతకంటే కిందికి తగిలితే ఉద్ది వేళ్ళకి ప్రమాదం. చిట్టచివర తగిలితే కోల జారుతుంది, మోత కూడా పలచబడుతుంది. మొదట్లో ఆ పది అంగుళాల దగ్గర రంగు దారం నాలుగు చుట్లు చుట్టుకుంటే ఇద్దరికీ గురి ఒకటే అవుతుంది.

చెయ్యి అలవాటుపడగానే ఆ దారం తీసెయ్యాలి. ఉంచితే చూపు కోల మీదే ఉండిపోతుంది. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను: కోలను చూసి కొట్టేవాళ్ళు ఎప్పటికీ ఆలస్యంగానే కొడతారు. కోల కదిలే ముందు భుజం కదులుతుంది. భుజం కంటే ముందు ఒంటి బరువు ఒక కాలి మీదికి మారుతుంది. చూపు ఉద్ది మెడ కింద, రెండు భుజాల మధ్య నిలిపితే ఈ రెండూ కంటికి అందుతాయి, కోలలు కూడా చూపు అంచున కనిపిస్తూనే ఉంటాయి. ముఖం చూస్తే నవ్వొస్తుంది, కోల చూస్తే ఆలస్యమౌతుంది. రెండూ చూడగా తేలింది ఇది.

కోలలు చేతికివ్వకముందే మా గురువుగారు చేయించే పనులు రెండున్నాయి. చాలా బృందాలు వీటిని వదిలేసి నేరుగా దెబ్బల్లోకి దిగుతాయి, తర్వాత నెలల తరబడి వేళ్ళకి కట్లు కట్టుకుంటాయి.

మొదటిది అరచేతుల ఆట. ఇద్దరూ ఎదురెదురుగా మూరెడు దూరంలో నిలబడి అరచేతులు ఆనించాలి, నొక్కకూడదు. ఒకరు చేతుల్ని పైకీ కిందికీ పక్కలకీ నెమ్మదిగా కదిలిస్తారు, రెండోవాళ్ళు వెంట వెళ్తారు. రెండు నిమిషాలయ్యాక వంతు మార్చుకోవాలి. మూడోసారి ఎవరూ నడపకూడదు, అయినా చేతులు కదలాలి. ఈ మూడోదే అసలు పాఠం. మొదట చేతులు కదలకుండా నిలిచిపోతాయి, ఎదుటివాళ్ళు మొదలుపెడతారని ఇద్దరూ చూస్తారు. కాసేపటికి ఇద్దరిలో తొందర ఎక్కువున్నవాళ్ళు తమకి తెలియకుండానే నడిపేస్తారు. ఇంకొంచెం సేపు ఓపిక పడితే అరచేతుల మధ్య వెచ్చదనంలోంచి కదలిక పుడుతుంది. అప్పుడు ఆపి, ఎవరు కదిలించారని అడిగితే "నువ్వే కదా వదినా" అని ఒకరు, "నేనెక్కడ, నీ వెంటే వచ్చాను" అని ఇంకొకరు అంటారు. ఆ జవాబు వచ్చినరోజు కోలలు చేతికివ్వొచ్చు.

రెండోది కోలను నిలిపే ఆట. ఒక కోలను ఇద్దరి కుడి అరచేతుల మధ్య అడ్డంగా, ఒక్కో కొన ఒక్కో అరచేతికి ఆనేలా పెట్టాలి. వేళ్ళతో పట్టుకోకూడదు. అలాగే నడవాలి, వెనక్కి నడవాలి, కూర్చుని లేవాలి, ఒక చుట్టు తిరగాలి. కుడిచేతికి కుదిరాక ఎడమచేతికి, తర్వాత రెండు చేతులకీ రెండు కోలలు. గట్టిగా నొక్కితే అరచెయ్యి నొప్పెడుతుంది, వదులైతే కోల నేలమీద పడుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రెండు కొనల మీదా ఉండే ఒత్తిడి దాదాపు సమానం, ఎందుకంటే అదే కోల. కాబట్టి పడిపోయినప్పుడు నువ్వు వదిలావంటే నువ్వు వదిలావనే వాదనకి చోటే లేదు. ఒకరు వెనక్కి తగ్గిన సంగతి రెండోవాళ్ళ అరచేతికి కూడా తెలిసింది, తెలిసి ముందుకు రాలేదు. ఇలాంటప్పుడు గురువుగారు మాట్లాడనివ్వరు, కోల తీసి మళ్ళీ పెట్టుకోమంటారు. మాటల్లో దిద్దుకున్నది కాళ్ళకి చేరడానికి చాలా సమయం పడుతుంది.

ఇక మొదటి కోపు, నాలుగు దెబ్బలది. ఒకటికి ఎవరి కోలలు వాళ్ళు నడుము ఎత్తున కొట్టుకోవాలి. రెండుకి కుడి కోల ఉద్ది కుడి కోలకి. మూడుకి మళ్ళీ సొంత కోలలు. నాలుగుకి ఎడమ కోల ఉద్ది ఎడమ కోలకి. ఎదురెదురుగా నిలబడినప్పుడు నా కుడికి ఎదురుగా ఉండేది ఉద్ది ఎడమ, కాబట్టి కుడి కుడి కలవాలంటే చెయ్యి ఏటవాలుగా దాటాలి. అందుకే రెండో దెబ్బకి కుడికాలు అరడుగు ముందుకు, నాలుగో దెబ్బకి ఎడమకాలు అరడుగు ముందుకు పడుతుంది. కాలు వెయ్యకుండా చెయ్యి మాత్రమే చాస్తే మోచెయ్యి నిటారై కోల గట్టిపడుతుంది, దెబ్బ తగిలినప్పుడు అదురంతా భుజానికెక్కుతుంది. దెబ్బ ఎత్తు ఇద్దరిలో పొట్టివాళ్ళ భుజం ఎత్తు. పొడుగువాళ్ళు చేతులు దించకూడదు, మోకాళ్ళు వంచి దిగాలి. చేతులు దించితే కోల మొన ముందుకు వాలి ఉద్ది ముఖం వైపు చూస్తుంది.

వేగం నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టాలి. నెమ్మదిగా ఆడటం తేలికనుకుంటారు గాని అసలు కష్టం అక్కడే. సెకనుకొక దెబ్బ అంటే రెండు దెబ్బల మధ్య ఖాళీ పెద్దది. ఆ ఖాళీలో ఏమీ చెయ్యకుండా నిలబడితే తర్వాతి దెబ్బ ఎక్కడ పడాలో ఇద్దరూ ఎవరి ఊహ వాళ్ళు చేస్తారు, ఊహలు కలవవు. ఆ ఖాళీని మోకాళ్ళతో నింపాలి. దెబ్బకి దిగి, ఖాళీలో లేచి, మళ్ళీ దెబ్బకి దిగడం. ఇద్దరి మోకాళ్ళూ ఒకే ఊపులో లేస్తున్నాయంటే దెబ్బ కలపడానికి వేరే ప్రయత్నం అక్కర్లేదు. దెబ్బ కలవనప్పుడు చేతుల్ని దిద్దేవాళ్ళని చూస్తుంటాను. కోలలు కింద పెట్టించి, ఇద్దరి భుజాలమీదా ఇద్దరి చేతులూ వేయించి, ఉత్త మోకాళ్ళ ఊపు రెండు పాటలకి ఆడించండి. ఎక్కడ తేడా ఉందో భుజాలకే తెలిసిపోతుంది.

వలయంలోకి వచ్చేసరికి బయటి వరస దెబ్బ ఇస్తుంది, లోపలి వరస అందుకుంటుంది. అందుకోవడం అంటే కోల ఎత్తి పట్టుకుని నిలబడటం కాదు. నిలబెట్టిన కోల మీద పడిన దెబ్బ మొద్దుగా మోగుతుంది, ఇచ్చినవాళ్ళ చెయ్యే అదురుతుంది. అందుకునేవాళ్ళు నాలుగైదు అంగుళాలు ఎదురు రావాలి. అలాగని ఇద్దరూ సమానంగా తోసుకుంటే కోలలు ఒకదాని మీదుగా ఒకటి జారి వేలి కణుపులకి తగులుతాయి. మా లెక్క: ఇచ్చేవాళ్ళది దూరం, అందుకునేవాళ్ళది సమయం. ఇచ్చేవాళ్ళు కోలను ఎక్కడిదాకా తేవాలో చూసుకుంటారు, ఎప్పుడు కలవాలన్నది అందుకునేవాళ్ళు నిర్ణయిస్తారు. ప్రతి సాధనలోనూ సగంలో వరసలు మార్చుకోవాలి. ఎప్పుడూ ఇచ్చే మనిషికి అందుకోవడం రాదు, అందుకోవడం రానివాళ్ళ దెబ్బ ఎదుటివాళ్ళకి ఎంత బరువుగా పడుతుందో వాళ్ళకి తెలియదు. ఎదురు వరసలో నిలబడినప్పుడే ఆ బరువు సొంత చేతికి తెలుస్తుంది. వరస మార్చాక మనుషుల దెబ్బ మెత్తబడటం చూస్తూనే ఉన్నాను.

అయితే ఇచ్చేవాళ్ళు నాయకులు, అందుకునేవాళ్ళు అనుచరులు అనుకోకూడదు. ఇద్దరు మనుషులకి ఒకరి దరువు ఒకరికి వినిపించేలా ఏర్పాటు చేసి వేళ్ళతో దరువు వేయించిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. అందులో ఒకరు నడిపి ఒకరు వెంటరావడం కనిపించలేదు. ఎదుటివాళ్ళ గత దెబ్బను బట్టి తన తర్వాతి దెబ్బను ఇద్దరూ సర్దుకుంటూ పోయారు. కోలాటంలో జరిగేది అచ్చంగా ఇదే. అరచేతుల ఆటలో ఎవరూ నడపని ఆ మూడోసారి ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమౌతుంది.

ఈ సర్దుబాటులోంచే కోలాటానికున్న పెద్ద జబ్బు కూడా పుడుతుంది. అది పరుగు. 80 దగ్గర ఎత్తుకున్న పాట ముగిసేసరికి 110 దగ్గర ఉంటుంది, ఎవరూ కావాలని పెంచలేదంటారు. నిజమే, కావాలని పెంచరు. ఆలస్యం కాకూడదన్న భయంతో ఒకరు వెంట్రుకవాసి ముందు కదులుతారు, రెండోవాళ్ళు ఆ ముందుకి సర్దుకుంటారు. ఆలస్యంగా పడిన దెబ్బకి ఎవరూ ఆగి సర్దుకోరు, ముందు పడినదానికే సర్దుకుంటారు. అలా ప్రతి సర్దుబాటూ ఒకే వైపుకి జరిగి వేగం ఎక్కుతుంది. ఫోన్‌లో తాళం వేసే యాప్ పెట్టి దాని ప్రకారం ఆడిస్తే ఆ పూటకి ఆగుతుంది, ఆపగానే మళ్ళీ పరుగే. మాకు నిలిచిన మందులు రెండు. ఒకటి, ఆడుతూ పాడటం. గురువుగారు ఒక చరణం అంటే అందరం తిరిగి అనాలి. ఊపిరి తీసుకోవడానికి కొంత సమయం కావాలి కాబట్టి గొంతు కాళ్ళని పట్టి ఉంచుతుంది. పాడలేనంత వేగం వచ్చిందంటే ఆడకూడనంత వేగం వచ్చిందని లెక్క. రెండోది, నాలుగు ఆవృతాల్లో (ఆవృతం అంటే దెబ్బల వరస ఒకసారి పూర్తవడం) ఒక ఆవృతం మోత లేకుండా ఆడటం. కోలలు కదులుతాయి, తగలవు, అడుగులూ పాటా ఆగుతాయి, మోకాళ్ళ ఊపు మాత్రం ఉంటుంది. తర్వాతి ఆవృతం మొదటి దెబ్బలో జంటలన్నీ ఒక్కసారే మోగాలి. మోగకపోతే ఎవరు పరుగెత్తారో దాచినా దాగదు.

మద్దెల, తాళాలు, గురువుగారు వలయం నడిమధ్యలో ఉండటం అందం కోసం కాదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే పది మీటర్లకి సెకనులో నూటికి మూడు వంతులు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గాని, దెబ్బలు కలిశాయో లేదో చెవికి తెలిసే తేడాయే. వాద్యం నడిమధ్యన ఉంటే అందరికీ ఒకే ఆలస్యంతో వినిపిస్తుంది. ఒక పక్కన మైకు పెట్టి పాడిస్తే దగ్గరి జంటలు, దూరపు జంటలు రెండు వేర్వేరు దెబ్బలు ఆడతాయి. వేదిక మీద తప్పనిసరై పక్కన కూర్చోబెడితే దూరపు జంటలు స్పీకరును వదిలేసి ఉద్ది కోల మోతనే నమ్ముకోవాలి, అది మూడడుగుల దూరంలో ఉంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు వీడియో కాల్‌లో కోలాటం నేర్చుకుంటున్నారు, అడుగులూ పాటా నేర్చుకోవడానికి అది చాలు. దెబ్బ కలపడం మాత్రం కుదరదు. కాల్‌లో శబ్దం చేరడానికి పట్టే సమయం ఈ నూటికి మూడు వంతుల కంటే చాలా ఎక్కువ. అటువాళ్ళు ఊళ్ళో ఎవరో ఒకర్ని ఉద్దిగా వెతుక్కోవాల్సిందే.

వలయం కొలతలు కూడా చెప్పుకుందాం. ఎనిమిది జంటలకి లోపలి వరసలో మనిషికీ మనిషికీ 4 అడుగులు, ఉద్దుల మధ్య 3 అడుగులు పెట్టుకుంటే లోపలి చుట్టుకొలత 32 అడుగులు, బయటిది 51 అడుగుల దాకా వస్తుంది. బయటివాళ్ళకి మనిషికీ మనిషికీ 6 అడుగుల పైచిలుకు. ఉద్ది మారడానికి ఒక గడి, అంటే పక్కమనిషి చోటుకి, జరగాలంటే లోపలివాళ్ళు 4 అడుగులు నడిచే సమయంలో బయటివాళ్ళు ఆరుంపావు అడుగులు నడవాలి. అందుకని బయటి వరసలో కాళ్ళు పొడుగున్నవాళ్ళని పెడతాం. అందరికీ ఒకే అంగ నేర్పితే మూడు మార్పులయ్యేసరికి వలయం గుడ్డు ఆకారంలోకి వస్తుంది.

ఉద్దులు మారే కోపుల్లో ఒక లెక్క చాలామంది చూసుకోరు. ఎనిమిది జంటల్లో రెండు వరసలూ ఎదురెదురు దిక్కుల్లో ఒక్కో గడి జరిగితే ఎదుటి మనిషి రెండు గడులు మారుతుంది. అంటే నాలుగో మార్పుకే మొదటి ఉద్ది మళ్ళీ ఎదురొస్తుంది, మిగతా నలుగురితో ఆట మొత్తంలో ఒక్క దెబ్బ కూడా కలవదు. ఏడు జంటలైతే అదే కోపులో ఏడుగురూ ఎదురొస్తారు. ఎనిమిది జంటలుండి అందరితో కలవాలంటే ఒక వరసే జరగాలి, లేదా రెండు వరసలూ అరగడి చొప్పున జరగాలి. ఇది లెక్క కోసం చెప్పడం లేదు. ఒక జంటలో కుదిరిన ఊపు బృందమంతటికీ పాకేది ఈ మార్పుల్లోనే. నెమ్మదైన మనిషి దెబ్బ తీసుకుని పక్కకి జరిగినప్పుడు ఆ నెమ్మదిలో కొంత నా చేతిలో మిగిలి తర్వాతి ఉద్దికి అందుతుంది. సగంమందితో కలవని వలయంలో రెండు బృందాలు రెండు రకాలుగా ఆడుతుంటాయి, బయటినుంచి చూసేవాళ్ళకి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది తప్ప కారణం తెలియదు.

కొత్తవాళ్ళని ఎక్కడ పెట్టాలన్నది కూడా దీన్నిబట్టే. కొత్తవాళ్ళందర్నీ లోపలి వరసలో ఉంచి బయటి వరసను మాత్రమే తిప్పుతాం. వాళ్ళు కదలకుండానే ఎనిమిది మంది అనుభవం ఉన్నవాళ్ళ దెబ్బలు ఒకదాని తర్వాత ఒకటి వాళ్ళ కోల మీద పడతాయి. ఒకరిది కాస్త బరువు, ఒకరిది ఎత్తు, ఒకరిది చురుకు. ఎనిమిదింటిలోనూ ఉమ్మడిగా ఉన్నదేదో కొత్తవాళ్ళ చెయ్యి తనంతట తానే పట్టుకుంటుంది. ఒకే ఉద్దితో నేర్చుకున్నవాళ్ళకి ఈ వివేకం రాదు. ఆ ఉద్ది దెబ్బ ఎలా ఉంటే అదే కోలాటమనుకుంటారు.

కోలలతో ఆట మనకి కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప సేనాని 1253-54లో రాసిన నృత్తరత్నావళిలో దండరాసకం అనే కోలల ఆట ఉంది, హంపి మహర్నవమి దిబ్బ మీద కోలలు పట్టుకుని ఆడే స్త్రీల వరసలున్నాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు మాడవీధుల్లో ఆడే బృందాల్ని ఇప్పటికీ చూడొచ్చు. వీధిలో ఆడేటప్పుడు వలయం ఉండదు, రెండు బారులుంటాయి, నాలుగు దెబ్బలకి ఒక అడుగు ముందుకు పడుతుంది. ఎండ కాసిన బండల మీద పాదాలు కాలి ఎగరాలనిపిస్తుంది, ఎగిరితే ఊపు పోతుంది. అందుకే పగటిపూట ఆడే బృందాలు తడిపిన నేల మీదా బండల మీదా కూడా సాధన చేసి ఉండాలి. గాజు గాజులు తీసెయ్యాలి, చీర కొంగు నడుముకి బిగించి దోపాలి.

అన్నిటికంటే నాకిష్టమైనది జడకోలాటం, ఎందుకంటే అందులో ఇద్దరి మధ్య జరిగింది తాడులో అచ్చుపడిపోతుంది. సుమారు 12 అడుగుల ఎత్తున ఒక ఇనుప కడియం కదలకుండా బిగించి, దానికి ఎనిమిది నూలు పట్టీలు కట్టాలి. రెండంగుళాల వెడల్పు, 15 అడుగుల పొడవు. నైలాను వద్దు, జారుతుంది, అల్లిక వదులైపోతుంది. నాలుగు ఎరుపు, నాలుగు పసుపు, ఒకటి విడిచి ఒకటి. కడియం తిరిగేలా వేలాడదీస్తే ఎవరు గట్టిగా లాగితే వాళ్ళవైపు తిరిగి అల్లికంతా మెలిపడుతుంది. ఎడమచేతిలో పట్టీ, కుడిచేతిలో కోల. మిగులు పట్టీని అరచేతిలో మడతగా పట్టుకోవాలి, మణికట్టుకి చుట్టుకోకూడదు. ఎవరైనా తూలిపడితే చెయ్యి పట్టీలో ఇరుక్కుంటుంది.

ఎరుపువాళ్ళు ప్రదక్షిణంగా, పసుపువాళ్ళు అప్రదక్షిణంగా తిరుగుతారు. మొదటి ఎదురుపాటులో ఎరుపు బయటినుంచి, పసుపు లోపలినుంచి దాటుతుంది. రెండో ఎదురుపాటులో ఎరుపు లోపలినుంచి, పసుపు బయటినుంచి. ఆ తర్వాత అలాగే ఒకటి విడిచి ఒకటి. బయటినుంచి దాటేవాళ్ళు పట్టీ ఎత్తాలి, లోపలినుంచి దాటేవాళ్ళు తల వంచాలి. నాలుగు దెబ్బల్లో పంచుకుంటే: ఒకటికి కోలలు తగలాలి, రెండు మూడుకి దాటాలి, నాలుగుకి తర్వాతి ఉద్ది ఎదుటికి చేరాలి. ఎనిమిది మందిలో ఒక్కొక్కరికి ఒక చుట్టులో ఎనిమిది ఎదురుపాట్లు వస్తాయి, అంటే 32 దెబ్బలు. 80 వేగంలో 24 సెకన్లు.

అల్లిక దిగేకొద్దీ పట్టీ పొట్టిదౌతుంది. మిగులు వదులుతూ, వలయాన్ని కొద్దికొద్దిగా బిగిస్తూ రావాలి. అందరి బిగువూ ఒకటిగా ఉంటే జడ నిటారుగా దిగుతుంది, ఒకరు లాగితే వాళ్ళవైపు వాలుతుంది. జడ వాలినప్పుడు ఆ లాగుడు మిగతా ఏడుగురి ఎడమచేతికీ తెలుస్తుంది. కోలలో ఒక్క ఉద్దితోనే మాట్లాడతాం, పట్టీలో అందరితోనూ. ఆ లాగుడుకి ఎదురు లాగబుద్ధేస్తుంది, లాగకూడదు. వాలిన వైపున్నవాళ్ళు వదులు చేసేదాకా మన బిగువు మనం నిలుపుకోవాలి.

ఎక్కువగా జరిగే తప్పు, ఎదురుపాటులో ఇద్దరూ వంతు మరిచి తారుమారుగా దాటడం. ఎరుపు లోపలికి వెళ్ళాల్సినచోట బయటికి వెళ్తుంది. వెంటనే ఏమీ కనిపించదు, అల్లిక ఇంకాస్త దిగాక జడలో ఒక బుడిపె తేలుతుంది. ఆటలో దాన్ని దిద్దడం కుదరదు, దిద్దబోతే రెండోది చేరుతుంది. ఆ జంట కలత పడకుండా తర్వాతి దాటుడుకి సరైన వంతు అందుకోవాలి.

విప్పేటప్పుడు ఆ తప్పు మళ్ళీ ఎదురొస్తుంది. ఈల వినిపించగానే అందరూ ఉన్నచోటే వెనక్కి తిరుగుతారు. చివరగా దాటిన ఉద్దే ఇప్పుడు మొదటగా ఎదురుగా ఉంటుంది. చివరిసారి ఎవరు బయటినుంచి దాటారో వాళ్ళే మళ్ళీ బయటినుంచి దాటాలి, అక్కడినుంచి వరస తలకిందులు. తప్పు జరిగిన ఎదురుపాటు వచ్చినప్పుడు ఆ ఇద్దరూ అదే తప్పు అలాగే చెయ్యాలి. సరిగ్గా దాటితే మెలిక విడదు, ముడి పడిపోతుంది. ఎన్నో దాటుడులో తప్పారో లెక్క ఎవరికీ గుర్తుండదు. అయినా ఆ చోటు వచ్చేసరికి ఆ ఇద్దరి భుజాలూ గుర్తుపడతాయి, తప్పినప్పుడు ఒకరి పట్టీ ఇంకొకరి చెవికి రాసుకున్న వైపుకే మళ్ళీ వంగుతారు. ఒకరు మరిచినా రెండోవాళ్ళ వంపు చూసి సర్దుకుంటారు. బృందంలో అందరికీ తెలిసిన నడక ఒకటుంటే, ఆ ఇద్దరికి మాత్రమే తెలిసిన అడుగు ఇంకొకటుంటుంది. ఈ కారణంగానే అల్లికకీ విప్పుడుకీ మధ్య మనుషుల్ని మార్చకూడదు, మధ్యలో ఆపి నీళ్ళు తాగడాలూ పెట్టుకోకూడదు.

చివరగా, ఆట రోజున ఉద్ది రాలేకపోతే ఏం చెయ్యాలి? పాత జంటలకి వాళ్ళకే తెలియని అలవాట్లుంటాయి. దెబ్బ రవ్వంత ఎత్తున కలపడమో, నాలుగో దెబ్బ కొంచెం ఆపి వెయ్యడమో. కొత్త ఉద్ది ఎదురైతేనే అవి బయటపడతాయి. అరగంట ఉంటే చాలు. ముందు పది నిమిషాలు అరచేతులు, అందులో సగం సేపు ఎవరూ నడపని మూడోసారి ఆటకి. తర్వాత అరచేతుల మధ్య కోల నిలిపి వలయంలో ఒక చుట్టు నడక. ఆ తర్వాత 60 వేగంలో నాలుగు దెబ్బల కోపు, ఇచ్చే వరస, అందుకునే వరస మార్చి మార్చి. వేగం పెంచడం ఆఖరి అయిదు నిమిషాల్లోనే. ఈ అరగంటలో "నా ఉద్ది ఇలా కొట్టేది" అన్న మాట అనకూడదు. జడకోలాటంలో మాత్రం కొత్త మనిషిని అప్పటికప్పుడు చేర్చం. రాలేకపోయినవాళ్ళ పట్టీ, దానికి జతగా ఇంకో రంగు పట్టీ ఒకటి విప్పేసి ఆరుగురితో ఆడతాం. మిగిలిన ఆరింటినీ రంగులు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా, కడియం చుట్టూ సమదూరంలో మళ్ళీ కట్టాకే పాట ఎత్తుకుంటాం.